నిచ్చెనకి కుట్టిన కోటు

"ఏవండీ!" అంది భార్య.

"ఆఁ" అన్నాడు టైలరు, మిషను మీంచి తల ఎత్తకుండానే.

"కళ్ళజోడు మర్చిపోయారు. నా సంచిలోనే ఉండిపోయింది."

టైలరు ముక్కు తడుముకున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఇదేంటబ్బా అని తిరిగి చూస్తే, ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. "రేపు తెస్తాలెండి. అంతవరకు కళ్ళు చికిలించుకుని చదువుకోండి" అని ఎవరితోనో నవ్వింది కూడా.

మిషను తొక్కుతున్న కాలు అలాగే ఆగిపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఏవండీ అంటే ఒక్కడే, ఆ ఒక్కడూ తనే. ఆ పిలుపుకి ఆయన నిద్రలో కూడా ఊఁ కొడతాడు. అలాంటిది ఇవాళ ఆ పిలుపు ఆయన పక్కనుంచే కిటికీ దాటి వెళ్ళిపోయి, ఇంకెవడి చెవిలోనో పడింది. పైగా పరాయివాడి పిలుపుకి తను పలికాడు. ఆవిడ అది గమనించను కూడా లేదు. ఒళ్ళు మండిపోయింది టైలరుకి. మండదూ మరి?

"ఎవరు?" అన్నాడు.

"మా క్లబ్బాయన. నాటకంలో నా మొగుడు" అని తేలిగ్గా చెప్పేసి, ఆవిడ పుస్తకాలు సర్దుకోవడానికి లోపలికెళ్ళింది.

నిజం చెప్పుకోవాలంటే ఈ నిప్పు ఆయన పోసుకున్నదే. పెళ్ళితో ఆగిపోయిన చదువుని ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ మొదలుపెడతానని ఆవిడ అడిగినప్పుడు, చుట్టాలంతా బుగ్గలు నొక్కుకుంటే, చేరమన్నవాడు ఆయనే. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ, వాడి కొలతలు తీసుకుంటూనే, "మా ఆవిడ యూనివర్సిటీలో చదువుతోందండీ" అని చెప్పుకుని మురిసిపోయాడు. వాళ్ళ కొట్టు యూనివర్సిటీ గేటుకి రెండు వీధుల అవతల. ముందు గదిలో మిషను, వెనక గదుల్లో కాపురం. మొదట్లో ఆవిడ క్లాసు అవగానే ఇంటికొచ్చేసేది. వచ్చి చొక్కాలకి కాజాలు కుడుతూ, పాఠాలు ఒప్పజెప్పుకునేది. ఆ రోజులు ఆయనకి భలేగా ఉండేవి.

అంతలో క్లబ్బుల రోజొచ్చింది. ఏడాది మొదట్లో లైబ్రరీ ముందున్న చెట్లకింద ఒక్కో క్లబ్బువాళ్ళూ ఒక్కో బల్ల వేసుకుని, రండి రండి అని గొంతు చించుకుంటారట. కెమెరాలు మెళ్ళో వేసుకున్నవాళ్ళు ఒకవైపు, కుర్చీ ఎక్కి వాదించుకునేవాళ్ళు ఒకవైపు, తెల్లారకముందే కొండలెక్కుదాం రమ్మనేవాళ్ళు ఇంకోవైపు. ఆవిడ ఊరికే చూద్దామని వెళ్ళింది. నాటకాల బల్ల దగ్గర ఒక పొట్టి పిల్ల చెయ్యి పట్టుకుని ఆపేసి, "అక్కా, ఒక్కసారి కోపంగా ఆ తలుపు వెయ్యమని అరవండి" అందట. ఆవిడ అరిచిందట. పక్క బల్లలవాళ్ళు కూడా తిరిగి చూశారట. ఇంతకీ ఆ అరుపు ఎక్కడ నేర్చుకుంది? ఎండాకాలం ఆయన తెరిచిపెట్టిన తలుపులోంచి వీధి దుమ్మంతా గుడ్డల మీద పడుతుంటే, టైలరు మీద రోజూ అరిచి అరిచి నేర్చుకుంది. అంటే ఆ వేషం ఆవిడకి రావడంలో టైలరుకి కూడా వాటా ఉంది. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదనుకోండి.

ఆ పొట్టి పిల్లే క్లబ్బుకి డైరెక్టరు. అందరూ బుల్లి డైరెక్టరు అంటారు. మనిషి బుల్లిదేగాని రూల్సు మాత్రం బుల్లివి కావు. వేషం ఇచ్చిన రోజు నుంచి నాటకం ఆడే రోజుదాకా, క్లబ్బులో ఎవరూ ఎవర్నీ సొంత పేర్లతో పిలవకూడదు. నాటకంలో వరస ఏదైతే అదే పిలుపు. క్యాంటీన్లోనైనా, లైబ్రరీ మెట్ల మీదైనా, ఫోన్లోనైనా సరే. తప్పు పిలిచినవాళ్ళు ఆ రోజు రిహార్సల్ గది ఊడవాలి. బయటివాళ్ళకి రిహార్సల్లో ప్రవేశం లేదు. అమ్మా నాన్నలైనా, మొగుడైనా బయటే.

ఆవిడకి మొగుడి వేషం వేసినాయన లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగి. పని చేసుకుంటూనే చదువు వెలగబెడుతున్నాడు. వయసు టైలరు వయసే. కాకపోతే మనిషి మాత్రం ఇంత పొడుగు. పై అరలోంచి పుస్తకం తియ్యడానికి అందరికీ నిచ్చెన కావాలి, ఆయనకి అక్కర్లేదు. టైలరు ఆయనకి మనసులో నిచ్చెన అని పేరు పెట్టాడు. తర్వాత మనసులో ఆగక పైకి కూడా అనేశాడు.

"మీ నిచ్చెన ఇవాళ ఏమన్నాడు?" అని అడిగేవాడు అన్నం దగ్గర.

"ఏమంటాడు, పాపం! రెండో అంకంలో మాటలు మర్చిపోయాడు. అసలు ఆ అంకంలో ఏమవుతుందంటే, కథ చెప్తాను వినండి..."

"నాకెందుకు నాటకాల కథలు? అవతల పెళ్ళివాళ్ళ బట్టలు నెత్తి మీదున్నాయి."

ఆవిడ నోరు మూసుకునేది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేది. ఆయన మళ్ళీ మిషను కేసి నడిచేవాడు. కొన్నాళ్ళకి ఆవిడే చెప్పడం మానేసింది. మానేసినందుకు కూడా ఆయనకి మంటే. నాతో చెప్పదు, ఆ నిచ్చెనతో మాత్రం గంటలు గంటలు మాట్లాడుతుంది అనుకున్నాడు. ఇదెక్కడి న్యాయమో ఆయన్నే అడగాలి.

"నాన్నా, కుళ్ళుకుంటున్నావు కదూ?" అంది స్కూల్లో చదువుకుంటున్న కూతురు, ఒకరోజు హోంవర్కు మధ్యలో.

"నోరుమూసుకుని లెక్కలు చెయ్యి" అన్నాడు.

"కుళ్ళుకుంటున్నాడు" అని పుస్తకానికి చెప్పింది కూతురు.

వాన పట్టుకున్న ఒక సాయంత్రం, ఆవిడ గొడుగు మర్చిపోయిందని గుర్తొచ్చి టైలరు కొట్టు మూసి క్యాంపస్‌కి బయల్దేరాడు. తడిసిన మెట్ల మీద పిల్లలు గుంపులు గుంపులుగా నిలబడి పాడుకుంటున్నారు. వాళ్ళని తప్పించుకుంటూ క్యాంటీన్ దాకా వెళ్ళి, ఆవిరి పట్టిన అద్దంలోంచి లోపలికి చూశాడు. ఆవిడ కనిపించింది. చుట్టూ ఆవిడలో సగం వయసు పిల్లలు, ఎదురుగా నిచ్చెన. ఆయనేదో చెబుతున్నాడు. ఆవిడ తల వెనక్కి వాల్చి, అరచేత్తో బల్ల మీద కొడుతూ, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

ఆ నవ్వు టైలరుకి కొత్త. ఆవిడ దగ్గు తెలుసు, ఏడుపు తెలుసు, నిద్రలో పలవరింత తెలుసు. ఈ నవ్వు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచింది? దాచి దాచి ఆ కొంపలు ముంచేవాడి ముందు పెట్టిందేం? లోపలికెళ్ళి గొడుగు ఇస్తే అయిపోయేది. ఆయన గొడుగుతో సహా వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాడు.

ఆవిడ తడిసి ముద్దయి వచ్చింది. "గొడుగు తెస్తారేమో అనుకున్నాను" అంది జుట్టు తుడుచుకుంటూ.

"పనుంది" అన్నాడు. గోడకి ఆనించిన గొడుగులోంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. ఆవిడ గొడుగు కేసి చూసింది, ఆయన కేసి చూసింది.

నాటకం రోజు దగ్గరపడ్డాక ఆవిడ వచ్చి మిషను పక్కన నిలబడింది. "ఒక కోటు కావాలి. నాటకంలో మా ఆయనది. ఆయన కొలతలకే కుట్టాలి. గుడ్డ క్లబ్బువాళ్ళిస్తారు. మీరైతే బాగా కుడతారని నేనే మాటిచ్చాను."

మా ఆయనది! టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నాడు గనక బతికిపోయింది. లేకపోతే ఆ నోటెంట ఏ మాట వచ్చేదో. సూదులు తీసి డబ్బాలో పడేసి, "రమ్మను" అన్నాడు.

నిచ్చెన వచ్చాడు. గుమ్మం తగలకుండా తల వంచుకుని, ఆ వంచిన తలతోనే వినయంగా నమస్కారం పెట్టాడు. టైలరు స్టూలు ఎక్కితేగాని భుజాలు అందలేదు. అదొక అవమానం. టేపు పెట్టి కొలుస్తుంటే ఆ మనిషి ఒళ్ళు దగ్గరపెట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క టైలరుకి ఇంకా ఉక్రోషం వచ్చింది. కొలతలన్నీ అయిపోయాక, అలవాటులో పడి కాబోలు, నిచ్చెన వెనక గది కేసి తిరిగి, "ఏమోయ్, కాసిని మంచినీళ్ళు" అన్నాడు.

"తెస్తున్నానండీ!" అని లోపల్నుంచి ఆవిడ గొంతు.

తన ఇంట్లో! తన గ్లాసుతో! నిచ్చెన నాలుక కరుచుకున్నాడు. "క్షమించాలి అన్నగారూ, మా బుల్లి డైరెక్టరుకి భయపడి నోటికి అలవాటైపోయింది" అన్నాడు. "అబ్బే, దానికేముంది" అన్నాడు టైలరు. పళ్ళు మాత్రం నూరుకున్నాడు. ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాడు.

ఏం నిర్ణయించుకున్నాడంటే, కోటు బ్రహ్మాండంగా కుట్టాడు. కాలరు చూస్తే కళ్ళు తిప్పుకోలేరు. కుడిచెయ్యి భుజానికి కలిసే చోట మాత్రం మిషను కుట్టు వెయ్యలేదు. కచ్చా కుట్టు వదిలేశాడు. ట్రయలు కోసం పొడుగు పొడుగ్గా వేసి, అసలు కుట్టు పడ్డాక పీకి పారేస్తారే, ఆ కుట్టు. దాని మీద లైనింగు నీటుగా మూసేశాడు. మామూలుగా వేసుకుంటే తెలీదు. చెయ్యి పైకెత్తితే మాత్రం దారం తెగుతుంది, చెయ్యి చెయ్యంతా ఊడి వస్తుంది. నాటకంలో మొగుడన్నాక ఎప్పుడో ఒకప్పుడు పెళ్ళాం మీద చెయ్యి ఎత్తకుండా ఉంటాడా అని ఆయన లెక్క. హాలు హాలంతా గొల్లున నవ్వుతుంది. నిచ్చెన పరువు గంగలో కలుస్తుంది. నాటకాలంటే ఇంతే అని ఆవిడ ఇంటికొచ్చి బుద్ధిగా కాజాలు కుట్టుకుంటుంది. ఇదంతా తలుచుకుని చంకలు గుద్దుకున్నాడు. ఎక్కువసార్లు వేసి చూసుకోకుండా, ఇస్త్రీ కాలేదు, గుండీలు దొరకలేదు అని సాగదీసి సాగదీసి, నాటకానికి ముందురోజు ఆవిడ చేతికిచ్చాడు.

నాటకం రోజు సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. హాలు కిటకిటలాడుతోంది. తెర లేచింది. అదొక రైలు గేటు కాపలావాడి ఇల్లు. నిచ్చెన కాపలావాడు. గోడకి కొక్కెం, కొక్కేనికి కోటు.

ఇప్పుడు వేసుకుంటాడు అనుకున్నాడు టైలరు. వేసుకోలేదు. పెళ్ళాం కోటు తెచ్చి ఇస్తే, "మంచిరోజు వచ్చినప్పుడు వేసుకుంటాలే" అని మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. చలేసినా వేసుకోడు, చుట్టాలొచ్చినా వేసుకోడు. చెయ్యి ఎత్తడం మాట దేవుడెరుగు, పెళ్ళాం మీద గొంతు కూడా ఎత్తడు. టైలరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. అంతలో కాపలావాడికి జ్వరం వచ్చింది, చచ్చిపోయాడు. తెర పడింది. విరామం.

"అమ్మ ఎంత బాగా చేసిందో!" అంది కూతురు ముక్కు చీదుకుంటూ.

పక్క కుర్చీ కిర్రుమంది. చూస్తే నిచ్చెన. మొహం కడుక్కుని, సొంత చొక్కా వేసుకుని వచ్చాడు. "హమ్మయ్య, నా పని అయిపోయిందండీ. ఇక మిగిలిందంతా ఆవిడదే. మీ కోటుదే" అన్నాడు.

"కోటుదా? మీరు చచ్చిపోయారుగా?"

"నేను వేసుకోనండీ! ఆవిడే వేసుకుంటుంది. వరదొచ్చి గేటు అవతల పట్టాలు కొట్టుకుపోతాయి. గేటు దగ్గర మనిషి లేడు. రైలొచ్చేస్తుంటుంది. ఆవిడ మొగుడి కోటు తొడుక్కుని, పట్టాల మధ్య నిలబడి, ఎర్ర లాంతరు రెండు చేతులా పైకెత్తుతుంది. డ్రైవరు చూసి కాపలావాడే అనుకుని రైలు ఆపుతాడు. అదీ ఆఖరి సీను. ఆ కోట్లో ఆవిడ మునిగిపోయినట్టు కనిపించాలనే నా కొలత పెట్టారు. అదేంటండీ, మీకు చెప్పలేదా?"

టైలరు కుర్చీలోంచి లేచిపోయాడు. రెండు చేతులా పైకెత్తుతుంది. ఆ చెయ్యి ఊడి మోచేతి మీద పడుతుంది. అక్కడ రైలొస్తుంటే ఇక్కడ హాలు పగలబడి నవ్వుతుంది. ఎవర్ని చూసి? ఆ క్యాంటీన్ పిల్లలందరి ముందు, కూతురి ముందు, ఆయన చేజేతులా చేసిన పనికి. జేబులో సూదీ దారం, చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటాయి గనక సరిపోయింది. జనం కాళ్ళు తొక్కుకుంటూ పరిగెత్తాడు.

తెర వెనక తలుపు దగ్గర బుల్లి డైరెక్టరు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "బయటివాళ్ళు రాకూడదండీ."

"కోటు కుట్టినవాణ్ణమ్మా. భుజం దగ్గర కుట్టు... ఒక్క నిమిషం... నీకు దణ్ణం పెడతాను."

ఆయన మొహం చూసి ఆ పిల్ల భయపడి జరిగింది. లోపల భార్య కోటు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. టైలరు ఏమీ చెప్పకుండా కోటు లాక్కుని, కింద చతికిలబడి, లోపలి వైపుకి తిరగేశాడు. కత్తెర మొనతో లైనింగు విప్పబోయి ఆగిపోయాడు.

లైనింగు అప్పటికే ఒకసారి విప్పి కుట్టి ఉంది. వేలితో తడిమి చూశాడు. భుజం చుట్టూ చిన్న చిన్న కుట్లు, ఒకదాన్నొకటి పట్టుకుని, పీకినా రాని కుట్లు. మిషను కుట్లు కావు, చేతి కుట్లు. ఆ చెయ్యి ఎవరిదో ఆయనకి తెలుసు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆయనే.

తేలు కుట్టిన దొంగలా తలెత్తాడు.

"నిన్న వేసుకుని చూసుకుంటే భుజం జారినట్టనిపించింది" అంది ఆవిడ మెల్లిగా. "విప్పి చూశాను."

"ఎవరికైనా..."

"ఏమని చెప్పను? మా ఆయనకి కుళ్ళు అని చెప్పనా?"

"నువ్వు వేసుకుంటావని నాకు తెలీదు."

"తెలీదని నాకూ తెలుసు. కథ చెప్తానంటే ఎన్నిసార్లు లేచిపోయారు మీరు! ఆ మనిషి మీకేం అన్యాయం చేశాడండీ? ఏడాదంతా కష్టపడ్డ పిల్లలు మీకేం చేశారు?"

గంట కొట్టారు. ఆవిడ కోటు తీసుకుని తొడుక్కుంది. దులుపుకుని, ఆయన కేసి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆఖరి సీను టైలరు తెర పక్క చీకట్లో నిలబడే చూశాడు. ఆవిడ లాంతరు పైకెత్తింది. రెండు చేతులూ ఎంత పైకి పోగలవో అంత పైకి. కుట్టు నిలబడింది. రైలు ఆగింది. ఆవిడ చచ్చిపోయిన మొగుణ్ణి తిట్టుకుంటూ ఏడ్చింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చుట్టూ పిల్లలు ఎగిరి గంతులేస్తూ ఆవిణ్ణి చుట్టేసుకున్నారు. వాళ్ళ మధ్య ఆవిడ తల వెనక్కి వాల్చి నవ్వింది. టైలరుకి గర్వం రావాల్సింది. వచ్చింది కూడా, కొంచెం. దాన్ని తోసుకుంటూ ఆ పాత మంటే మళ్ళీ పైకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోతూ కూడా ఆయన కుళ్ళుకున్నాడు. మనిషి బుద్ధి ఒక్కపూటలో మారిపోతుందా ఏమిటి?

ఇంటికి నడిచి వెళ్ళారు. కూతురు స్నేహితురాళ్ళతో ముందు నడుస్తోంది. వీధి మలుపు తిరిగాక టైలరే నోరు తెరిచాడు.

"నాకు కుళ్ళే" అన్నాడు. "ఆయన మీద కాదు. ఆయన మంచోడే, చూస్తే తెలుస్తూనే ఉంది. క్యాంటీన్లో నువ్వు నవ్వడం చూశాను ఆ రోజు. నేను లేనిచోట నువ్వంత నవ్వుతావని నాకు తెలీదు. అది చూసి తట్టుకోలేకపోయాను."

ఆవిడ నడక ఆపేసింది.

"మీరున్నచోట కూడా నవ్వాను" అంది. "చాలా ఏళ్ళు నవ్వాను. మీరు మిషను మీంచి తలెత్తితే కదా చూడ్డానికి!"

వీధి దీపం కింద ఆయన తలెత్తి ఆవిడ కేసి చూశాడు. ఆవిడ మళ్ళీ నడవడం మొదలుపెట్టింది.

"వచ్చే నెలలో కొత్త నాటకం మొదలుపెడుతున్నారు. నాకు వేషం ఇస్తామన్నారు. మళ్ళీ ఎవరో ఒకరు మొగుడుంటాడు. నేను వెళ్తాను" అంది.

వద్దు అనే మాట టైలరు నాలుక చివరిదాకా వచ్చింది. ఇద్దరికీ తెలుసు వచ్చిందని.

"వెళ్ళు" అన్నాడు. "కథేంటో మాత్రం చెప్పు."

"చెప్తాను. కానీ కోటు సంగతి నేను మర్చిపోతానని మాత్రం అనుకోకండి" అని, ఆవిడ తలుపు తాళం తియ్యడానికి ముందుకు వెళ్ళింది.